టిప్పు, పద్దు, ఒక గుర్రాల చట్టం



2019 వేసవిలో నేనూ మా ఆవిడా టెక్సాస్‌లోని మా అమ్మాయి ఇంట మూడు నెలలు గడిపి వచ్చాము. వెళ్ళిన మొదటి ఆదివారమే మమ్మల్ని ఒక భోజనశాలకు తీసుకొనిపోయారు. మంచినీళ్ళు మూడుసార్లు అడిగితే ఒకసారి వచ్చాయి. అడిగిన కూర ఒకటి, వచ్చిన కూర మరొకటి. అన్నం చల్లారి బిరుసెక్కి ఉన్నది. వడ్డించే కుర్రవాడు మా బల్లవైపు వచ్చినది ముచ్చటగా మూడు పర్యాయాలు. అందులో ఒకటి బిల్లు ఇవ్వడానికి. మా అల్లుడు మారుమాట లేకుండా ఆ బిల్లుమీద 18 శాతం టిప్పు వేసి సంతకం చేశాడు.

ముప్పై అయిదేళ్ళు బడిలో మార్కులు వేసినవాడిని. తప్పు రాసినవాడికి కూడా నిండుగా మార్కులు వేయడం నా మనసుకు పట్టలేదు. "అల్లుడుగారూ, ఆ అబ్బాయి ఏం ఘనకార్యం చేశాడని ఈ బహుమానం?" అని అడిగాను.

"బహుమానం కాదండీ మామయ్యగారూ, అది అతని జీతం. హోటలువాళ్ళు ఇవ్వని జీతం మనం ఇస్తున్నాం," అన్నాడు.

ఆ మాట నన్ను చాలారోజులు వదలలేదు. అదే వేసవిలో అక్కడ చదువుకుంటున్న మా చెల్లెలి మనవడికి ఆదాయపు పన్ను కాగితాల వల్ల ఒక ఆపద వచ్చిపడింది. అతడూ పనికిమాలిన పనికి ఫీజు ఇచ్చి, పైన టిప్పు కూడా ఇచ్చి వచ్చినవాడే. ఈ రెండు సంగతులకూ ఉన్న చుట్టరికం నాకు మొదట తోచలేదు. చరిత్ర తిరగవేస్తే గాని తెలియలేదు. ఆ తిరగవేసినదే ఈ టపా.

వృత్తిరీత్యా తెలుగు పండితుడిని కనుక ముందు మాట దగ్గర మొదలుపెడతాను. 'త్వరగా పని జరిగేందుకు' అన్న అర్థం వచ్చే మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే 'టిప్' అయిందని ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఇది మన ఊళ్ళ పేర్లకు పురాణాలలోంచి వ్యుత్పత్తులు లాగడం వంటిదే, నమ్మదగినది కాదు. పదిహేడవ శతాబ్దిలో ఇంగ్లండు దొంగల మారుభాషలో 'టిప్' అంటే చేతికి అందించడం. ఆ దొంగమాటే దొరలబల్ల మీదికి ఎక్కింది. ఇతర భాషలు ఈ డబ్బుకు పానీయాల పేర్లు పెట్టాయి. ఫ్రెంచివారు 'పూర్‌బ్వార్' అంటారు, తాగడానికి అని. జర్మనులది 'ట్రింక్‌గెల్ట్', అంటే తాగే డబ్బు. రష్యనులకు అది టీ డబ్బు. మన దగ్గర 'చాయ్‌పానీ' ఉండనే ఉన్నది. పారసీకం నుంచి బక్షీసు, అరబ్బీ నుంచి ఈనాము వచ్చాయి. సంస్కృతం నుంచి తెచ్చుకొన్న 'సంభావన' అన్నిటికన్నా గడుసైనది: పండితసభలో దిగ్దంతికీ దక్కుతుంది, వెనుక వరుసలో కునికిపాట్లు పడినవాడికీ దక్కుతుంది. ఆ వెనుక వరుసలో నేనూ కూర్చున్నాను కనుక ఎక్కువ మాట్లాడను.

ఇంగ్లండులో ఈ ఆచారం మొదట హోటళ్ళది కాదు, పెద్ద ఇళ్ళది. దొరగారింటికి భోజనానికి పోయిన అతిథి తిరిగివచ్చేటప్పుడు ద్వారం దాకా వరుసగా నిలుచున్న నౌకర్లందరికీ డబ్బులు పంచుతూ రావాలి. దీనిని 'వేల్స్' అనేవారు. ఈ పీడ వదిలించుకొమ్మని జోనాస్ హాన్వే అనే ఆయన 1760లో లేఖల రూపంలో ఒక పుస్తకమే రాశాడు. విందు పెట్టేది యజమాని, నౌకరుకు జీతం సరిపెట్టేది అతిథి. ఈ ఏర్పాటును కాస్త గుర్తుంచుకొనండి.

అమెరికాలో మొదట ఇది లేదు. అంతర్యుద్ధం (1861-65) తరువాత డబ్బుగల అమెరికన్లు ఐరోపా యాత్రలు చేసి, అక్కడి దర్జాలతో పాటు దీనినీ తెచ్చుకొన్నారు. రాజులను వదిలించుకొన్న దేశంలో ఒకడు చేయి చాపడమూ, మరొకడు అందులో నాణెం వేయడమూ ఏమిటని ఆక్షేపించినవారు చాలామంది. విలియం స్కాట్ 1916లో 'ఇచింగ్ పామ్' అన్న పుస్తకం రాశాడు. మన పలుకుబడిలో చెప్పాలంటే 'దురదపెట్టే అరచేయి'. మాటలతో సరిపెట్టక చట్టాలు కూడా చేశారు. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పును నిషేధించింది. తరువాత మిసిసిపీ, ఆర్కాన్సా, అయోవా, దక్షిణ కరొలైనా, టెనెసీ అదే దారి పట్టాయి. ఏ ఒక్కటీ నిలువలేదు. 1926 నాటికి అన్నీ రద్దయ్యాయి.

ఎందుకు నిలువలేదు? ఇక్కడ పుల్మన్ రైలుపెట్టెల సంగతి చెప్పుకోవాలి. రాత్రి ప్రయాణానికి పడకలున్న పెట్టెలు నడిపిన జార్జ్ పుల్మన్, వాటిలో పరిచర్యకు నల్లజాతివారిని, అందులోనూ అంతర్యుద్ధంతో బానిసత్వం నుంచి బయటపడినవారిని ఏరికోరి పెట్టుకొన్నాడు. పక్కలు వేయాలి, బూట్లు తుడవాలి, పెట్టెలు మోయాలి, అర్ధరాత్రి పిలిచినా పలకాలి. వారి పేర్లు ఎవరికీ అక్కరలేదు. అందరినీ యజమాని పేరుతో 'జార్జ్' అనే పిలిచేవారు. ఒకనాడు బానిసను అతని యజమాని పేరుతో గుర్తించినట్లే. జీతం నామమాత్రం. మిగిలినది ప్రయాణికుల దయ.

1915లో పారిశ్రామిక సంబంధాల మీద ఏర్పడిన ప్రభుత్వ విచారణసంఘం ముందుకు ఆ కంపెనీ అధ్యక్షపీఠంలోని పెద్దమనిషి వచ్చి సాక్ష్యం చెప్పాడు. ఆయన పేరు రాబర్ట్ టాడ్ లింకన్, బానిసత్వాన్ని రూపుమాపిన అబ్రహాం లింకన్ కుమారుడు. కొత్తగా చేరిన పోర్టరుకు నెలకు ఇరవైఏడున్నర డాలర్లు. దానితో కుటుంబం గడవదన్నది కంపెనీకి తెలియనిది కాదు. టిప్పులు ఉన్నాయి కదా అన్నదే ఆ ఏర్పాటుకు ఆధారం. తండ్రి విడిపించినవారి బత్తెం బాటసారులమీద పెట్టి కొడుకు కంపెనీ లాభాలు లెక్కపెట్టుకొన్నది. చరిత్ర ఒక్కొక్కసారి ఏ కవీ సాహసించని వ్యంగ్యం చేస్తుంది. ఆ పోర్టర్లు 1925లో ఫిలిప్ రాండోల్ఫ్ నాయకత్వాన సంఘం పెట్టుకొన్నారు. కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం చేయించడానికి 1937 దాకా పన్నెండేళ్ళు పోరాడవలసివచ్చింది.

1938లో కనీస వేతన చట్టం వచ్చింది గాని హోటళ్ళవారిని దానిలో చేర్చలేదు. 1966 సవరణతో చేర్చారు. చేరుస్తూనే ఒక మెలిక పెట్టారు: కూలివాడికి వచ్చే టిప్పులో కొంత భాగాన్ని యజమాని తాను ఇచ్చిన జీతంగానే లెక్క రాసుకోవచ్చు. ఆ లెక్క ప్రకారం 1991లో యజమాని తన చేతితో ఇవ్వవలసిన కనీసం గంటకు 2 డాలర్ల 13 సెంట్లు అయింది. మామూలు కనీస వేతనం 2009 నాటికి 7 డాలర్ల 25 సెంట్లకు పెరిగింది. ఈ 2.13 మాత్రం ఉన్నచోటనే ఉన్నది. టిప్పు చాలకపోతే మిగతాది యజమాని పూడ్చాలన్న నియమం ఉన్నది. పూడ్చమని అడిగే ధైర్యం వడ్డించే పిల్లలలో ఎందరికి ఉంటుందో మీరే ఊహించుకొనండి. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరెగాన్, మిన్నెసోటా, నెవాడా, మోంటానా, అలాస్కా ఈ మెలికను ఒప్పుకోక పూర్తి వేతనం ఇప్పిస్తున్నాయి. టెక్సాస్ ఆ జాబితాలో లేదు. మా అల్లుడి మాట అక్షరాలా నిజమన్నమాట.

మరి మంచి సేవకు ఎక్కువ, చెడ్డ సేవకు తక్కువ అన్న న్యాయమైనా నడుస్తున్నదా? కార్నెల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ లిన్ అనే ఆచార్యుడు ఈ విషయం మీదనే ఏళ్ళ తరబడి పరిశోధన చేశాడు. సేవ బాగోగులకూ టిప్పు పరిమాణానికీ ఉన్న సంబంధం బహు బలహీనమని తేల్చాడు. ఇచ్చేవాడు బిల్లు చూసి ఇస్తాడు, ఆచారం చూసి ఇస్తాడు, పక్కవాడు ఏమనుకొంటాడోనని ఇస్తాడు. అన్నం చల్లారిందా లేదా అన్నది ఆ లెక్కలోకి వచ్చేది తక్కువే.

ఇక పద్దు సంగతి. టిప్పు కూడా ఆదాయమే కనుక దానిమీదా పన్ను ఉన్నది. బల్లమీద వదలిన నోటుకు రసీదు ఉండదు. అందుచేత 1982లో ఒక చట్టం చేసి, పెద్ద భోజనశాలలలో అమ్మకాల మీద 8 శాతమైనా టిప్పులు వచ్చి ఉంటాయని లెక్కగట్టమన్నారు. 2025లో మరొక చట్టం వచ్చి, 2025 నుంచి 2028 దాకా టిప్పులలో ఏటా 25,000 డాలర్ల వరకు ఆదాయపు పన్ను లెక్కలోంచి తీసివేసుకోవచ్చునన్నది. అది ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో మళ్ళీ నియమాలు. ఇన్ని నియమాలు వడ్డించే పిల్లకు ఏం తెలుస్తాయి? ఆమె పోవలసినది డబ్బు పుచ్చుకొని పన్ను పత్రాలు రాసిపెట్టేవారి దగ్గరికి. అక్కడ వారిని ట్యాక్స్ ప్రిపేరర్లు అంటారు.

ఈ వృత్తికి చరిత్ర పొట్టిది. 1913లో పదహారవ రాజ్యాంగ సవరణతో ఆదాయపు పన్ను స్థిరపడినప్పుడు అది కలవారి పన్ను. రెండవ ప్రపంచయుద్ధం ఖర్చు కోసం 1942లో దానిని సామాన్యుల మీదికి దించారు, మరుసటి ఏడు జీతంలోంచే కోయడం మొదలుపెట్టారు. కొద్ది సంవత్సరాలలో పన్ను కట్టేవారు కోట్లకు చేరారు. మొదట్లో పన్ను కార్యాలయంవారే కూర్చోబెట్టి ఉచితంగా కాగితాలు నింపిపెట్టేవారు. 1955 ప్రాంతంలో కాన్సస్ సిటీలో ఆ ఉచితసేవను నిలిపివేయగా, అదే ఊళ్ళో చిన్న లెక్కల దుకాణం నడుపుతున్న హెన్రీ, రిచర్డ్ అనే అన్నదమ్ములు పత్రికలో ప్రకటన వేశారు. జనం బారులు తీరారు. అదే హెచ్ అండ్ ఆర్ బ్లాక్ కంపెనీ పుట్టుక. అంటే ప్రభుత్వం వదలివేసిన పనిని పౌరుడు తన జేబులోంచి డబ్బు పెట్టి చేయించుకోవడం మొదలైంది. వేల్స్ కథ గుర్తున్నదా?

మా తాతగారు కరణీకం చేసినవారు. 1984లో రామారావుగారి ప్రభుత్వం ఆ వంశపారంపర్య పదవులను రద్దు చేసే దాకా మా వైపు రైతులకు అడంగలులో ఏమి రాసి ఉన్నదో తెలిసేది కాదు. రాసేది ఒకరు, వేలిముద్ర వేసేది ఒకరు. పంట చేతికి వచ్చాక కరణంగారింటికి ఒక బస్తా పోయేది. ఆ బస్తా సరిగా రాసినందుకా, తప్పు రాయకుండా ఉండడానికా అన్నది ఇచ్చిన రైతు కూడా చెప్పలేకపోయేవాడు. మా తాతగారిని నేను తప్పుపట్టడం లేదు. ఆ బస్తాల బియ్యం తిని పెరిగినవాడినే.

అమెరికాలో ప్రభుత్వ ఖర్చులనూ కార్యక్రమాలనూ పరిశీలించే జవాబుదారీ కార్యాలయం ఒకటున్నది. ఆ కార్యాలయంవారు 2006లో మారువేషంలో ఒకే నగర ప్రాంతంలోని 19 ప్రిపేరర్ల దుకాణాలకు పోయి పత్రాలు రాయించుకొన్నారు. పందొమ్మిదింటిలోనూ ఏదో ఒక తప్పు దొరికింది. 2014లో మళ్ళీ 19 చోట్లకు పోయారు. ఈసారి వేసిన వేషాలలో ఒకటి, చిత్రంగా, భోజనశాలలో వడ్డించే స్త్రీ వేషం. జీతం కాగితంలో కనబడని నగదు టిప్పులు తనకున్నాయని ఆ స్త్రీ చెబుతుంది. రెండవ వేషం పైసంపాదన ఉన్న మెకానిక్కుది. పందొమ్మిదింటిలో రెండుచోట్ల మాత్రమే రావలసిన సొమ్ము సరిగ్గా తేలింది. పన్నెండుచోట్ల ఆ టిప్పులూ పైసంపాదనా పద్దులోకే ఎక్కలేదు. ఆ స్త్రీ వేషంతో పోయిన పదిచోట్లలో మూడుచోట్ల, ఆమె దగ్గర నివసించని బిడ్డను చూపి పేదలకిచ్చే రాయితీ రాశారు. ఒకే రకం కాగితానికి ఫీజు ఒకచోట 160 డాలర్లు, మరొకచోట 408. మారువేషం కాకుండా నిజమైన స్త్రీ పోయి ఉంటే ఆ ఎక్కువ సొమ్ము చూసి సంతోషించి, ఫీజు మీద టిప్పు కూడా ఇచ్చి వచ్చి ఉండేది. వడ్డన చెడితే చల్లని అన్నం నోటికి తగులుతుంది. పన్ను పత్రం చెడితే మొదట తగిలేది తీపి. చేదు రెండు మూడేళ్ళకు గాని నాలుకకు అందదు.

ఇది చూసే పన్నుశాఖవారు 2011లో నియమాలు చేశారు. రాసేవారు ఒక పరీక్ష ప్యాసవ్వాలి, ఏడాదికి 15 గంటలు పాఠాలు వినాలి. ఆ దేశంలో చాలా రాష్ట్రాలలో క్షౌరం చేయడానికి కూడా లైసెన్సు కావాలి కనుక ఇది పెద్ద కోరికేమీ కాదు. దీనిమీద ముగ్గురు ప్రిపేరర్లు దావా వేశారు. అక్కడ ప్రవేశించాయి గుర్రాలు.

అంతర్యుద్ధంలో సైన్యానికి పోయిన గుర్రాలకూ ఇతర ఆస్తికీ పరిహారం ఇమ్మని జనం ఖజానాకు అర్జీలు పెట్టుకొన్నారు. వారి తరఫున నిలబడిన ఏజెంట్లు చచ్చు గుర్రాలకు పంచకల్యాణి ధరలు కట్టారు. ఆ మోసాలు అరికట్టడానికి 1884లో, ఖజానా ఎదుట ఇతరులకు 'ప్రతినిధులు'గా నిలిచేవారిని ఖజానా మంత్రి నియంత్రించవచ్చునని చట్టం చేశారు. నూట ఇరవైఏడేళ్ళ తరువాత పన్నుశాఖ ఆధారపడినది ఈ గుర్రాల చట్టం మీదనే. 2013లో కిందికోర్టు, 2014 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చాయి. అప్పీలు తీర్పు రాసిన కావనా 2018లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. తీర్పులో తర్కం మన మీమాంసకులకు ముచ్చట గొలుపుతుంది. ప్రతినిధి అంటే ఒకరి మారుగా నిలబడి వారిని కట్టుబడేటట్లు చేయగలవాడు. కాగితం రాసిపెట్టేవాడు సహాయకుడే గాని ప్రతినిధి కాడు. కనుక 1884 చట్టం అతడిని అంటదు. శబ్దార్థ విచారణగా నాకు తప్పు కనబడలేదు. ఆ అర్థం లోకానికి చేసిన మేలు మాత్రం కనబడలేదు. పార్లమెంటువంటి వారి కాంగ్రెస్ కొత్త చట్టం చేసి ఆ లోటు పూడ్చవచ్చును. ఇంతవరకు పూడ్చలేదు. ఆరెగాన్, కాలిఫోర్నియా, మేరీలాండ్, న్యూయార్కు వంటి కొన్ని రాష్ట్రాలు సొంత నియమాలు పెట్టుకొన్నాయి. తక్కినచోట్ల ఒక గుర్తింపు సంఖ్య తెచ్చుకొన్న ప్రతివాడూ ప్రిపేరరే. తప్పు జరిగితే బాధ్యత కింద సంతకం పెట్టినవాడిది.

మా చెల్లెలి మనవడు 2016లో చదువుకు పోయాడు. విద్యార్థి వీసా మీద పోయినవారు మొదటి అయిదు సంవత్సరాలు పన్ను లెక్కలో ఆ దేశ నివాసులు కారు. వారు నింపవలసిన పత్రం వేరు. ఎవరో మనవాడే, అపార్ట్‌మెంటులో బల్ల వేసుకొని విద్యార్థుల పత్రాలు రాస్తున్నాడని విని, 2018లో ఇతడూ ఇతడి గదిలోని స్నేహితుడూ పోయారు. మావాడికి నివాసుల పత్రం రాసి, నివాసులకు మాత్రమే చెల్లే చదువు రాయితీ కింద 1,000 డాలర్లు అదనంగా తెప్పించాడు. స్నేహితుడికి సరియైన పత్రమే రాశాడు గాని, 1989లో మన దేశం అమెరికాతో చేసుకొన్న పన్నుల ఒప్పందంలోని 21వ అధికరణం ప్రకారం భారతీయ విద్యార్థులకు దక్కే తగ్గింపు రాయడం మరచాడు. మావాడు ఉబ్బితబ్బిబ్బై ఫీజు మీద ఇరవై డాలర్లు, ఒక పెట్టె కాజాలు ఇచ్చి వచ్చాడు. స్నేహితుడు ఫీజు ఇచ్చి నోరు మూసుకొని వచ్చాడు.

2019లో నేనక్కడ ఉండగా, విశ్వవిద్యాలయంవారు పెట్టిన ఒక అవగాహన సమావేశంలో సంగతి బయటపడింది. ఆ రాత్రి వీడు నాకు ఫోను చేశాడు. "తాతగారూ, వీసాకేమైనా అవుతుందా?" అని అడిగిన గొంతులో వణుకు నాకింకా వినబడుతుంది. పత్రం తీయించి చూస్తే రాసినవాడి పేరు ఎక్కడా లేదు. డబ్బు పుచ్చుకొని రాసినవాడు సంతకం చేసి గుర్తింపు సంఖ్య వేయాలన్నది అక్కడి నియమం. ఇతడు మావాడు తానే రాసుకొన్నట్లు పంపాడు. ఇటువంటివారిని అక్కడ దయ్యం ప్రిపేరర్లంటారట. పేరు బాగా కుదిరింది. ఫోను చేస్తే, "డబ్బు వచ్చినప్పుడు బాగుంది కదా తమ్ముడూ," అన్నాడట.

సవరణ పత్రం వేసి ఆ వెయ్యి డాలర్లూ వడ్డీతో తిరిగి కట్టాడు. మా అల్లుడు సర్దాడు. అంతకు మించి ఏమీ కాలేదు. స్నేహితుడు మూడేళ్ళ గడువులోనే సవరణ వేసి, తాను పోగొట్టుకొన్నది రాబట్టుకొన్నాడు.

మేము బయలుదేరే ముందు ఆ ఇద్దరు పిల్లలూ వచ్చారు. అందరం కలిసి మళ్ళీ అదే భోజనశాలకు పోయాము. ఈసారి వడ్డించినది ఒక అమ్మాయి. నీళ్ళు తొందరగానే తెచ్చింది, కూర మాత్రం మళ్ళీ తారుమారైంది. అల్లుడు సంతకం చేస్తుండగా నేను జేబులోని అయిదు డాలర్ల నోటు తీసి పళ్ళెం అంచున పెట్టాను.

"అన్నం ఇవాళ కూడా చల్లారిపోయిందిగా, ఎందుకండీ?" అన్నది మా ఆవిడ.

"ఈ అమ్మాయి పద్దు ఎవరి చేత రాయిస్తున్నదో," అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. కారులో చెప్పుకొంటూ ఇంటికి వచ్చాము.